చెట్టు మీది చుట్టం

హైదరాబాదు నుంచి మెదక్ పోయే బాటలో ప్రయాణికులకు సాధారణంగా రెండు మూడు దృశ్యాలే జ్ఞాపకం వుంటాయి. నర్సాపూర్ అడవిలో రోడ్డుపక్క బారులు తీరి కూర్చున్న కోతులు ఒకటి. 1924 డిసెంబరు 25న ప్రారంభోత్సవం జరిగిన మెదక్ చర్చి గోపురం రెండవది. భక్తులైతే మంజీర ఏడు పాయలుగా చీలినచోట వెలసిన వనదుర్గమ్మను కూడా తలచుకొంటారు. నర్సాపూర్ దాటిన తరువాత, మెదక్ ఇంకా దూరం వుండగా వచ్చే కౌడిపల్లి మాత్రం ఎవరి జాబితాలోనూ వుండదు. బస్సు ఆగుతుంది, నలుగురు దిగుతారు, ఆరుగురు ఎక్కుతారు, కండక్టరు “రైట్” అంటాడు. అంతటితో కౌడిపల్లి వెనకబడిపోతుంది.

కాని ఎండలు ముదిరిన రోజుల్లో ఒక పూట అక్కడ దిగి, వూరు దాటి కాస్త నడిచేవారికి ఆ నేల మరొక ముఖం చూపిస్తుంది. చెరువుల కింద వరిమళ్ళు, మెరకమీద ఎర్రని చెల్క నేలలు, అక్కడక్కడ తండాలు, పాత మామిడిచెట్లు, ఆ వెనుక అడవి పట్టిన గుట్టలు. టేకు, మోదుగ, మద్ది, ఇప్ప, తునికి — ఇవీ ఆ అడవి సంపద. మండలంలో ఒక వూరి పేరే తునికి. మెదక్ జిల్లా రైతులకు పనికివచ్చే కృషి విజ్ఞాన కేంద్రం వున్నది ఆ వూళ్ళోనే. వేసవిలో టేకు ఆకు రాల్చి నిలబడుతుంది. మోదుగ ఆకులు విడిచి నిప్పులు పూస్తుంది. ఆ మోడుల నడుమ ఏ ముసలి మామిడి కొమ్మమీదనో, ఇప్పచెట్టు పంగలోనో ఒక చిన్న మొక్క మాత్రం పచ్చగా కూర్చుని వుంటుంది. దానికి నేల లేదు, నీరు పోసేవారు లేరు. అయినా ఎండాకాలం నడిమిట మొదలుపెట్టి తొలకరి వానల దాకా పూస్తుంది.

ఆ పూవును ఒకసారి దగ్గరగా చూడండి. రూపాయి బిళ్ళకన్న కొంచెం పెద్దది. పసుపూ ఆకుపచ్చా కలిసిన రేకులమీద గోధుమరంగు గళ్ళు, అచ్చం నేతచీర గళ్ళవలె. నడుమ చిన్న నాలుక వూదారంగులో మెరుస్తూవుంటుంది. దగ్గరికి పోతే మంచి పరిమళం. పూలదుకాణాల అద్దాల వెనుక వందల రూపాయలు పలికే ఆర్కిడ్లకు ఇది సాక్షాత్తూ పుట్టింటి బంధువు. శాస్త్రజ్ఞులు దీన్ని వందా టెస్సెల్లేటా అంటారు. టెస్సెల్లేటా అంటే గళ్ళుగళ్ళుగా వున్నది అని. మనవాళ్ళు మాత్రం దీన్ని బదనిక అనీ, వదనిక అనీ అంటారు.

పేరులోని పేచీ

తెలుగు పాఠం చెప్పుకొనే నావంటివాడికి మొక్కకంటె ముందు పేరు కనిపిస్తుంది. ఇక్కడ పేరులోనే పెద్ద పేచీ వున్నది. బదనిక అంటే ఈ ఆర్కిడ్ ఒక్కటే కాదు. మామిడికొమ్మలోకి వేళ్ళు దించి దాని రసం పీల్చుకొని బ్రతికే మరొక మొక్కను కూడా బదనిక అనే పిలుస్తారు. సంస్కృతంలోనూ ఇదే చిక్కు. అమరకోశం వనౌషధి వర్గంలో ‘వందా’ అనే మాటకు పక్కనే ‘వృక్షాదని’ అనీ, ‘వృక్షరుహ’ అనీ పర్యాయపదాలు చెప్పింది. వృక్షాదని అంటే చెట్టును తినేది. వృక్షరుహ అంటే చెట్టుమీద మొలిచేది. ఒకటి దొంగకు పెట్టవలసిన పేరు, రెండవది అద్దెకున్నవాడికి పెట్టవలసిన పేరు. నిఘంటువులో రెండూ ఒకే వరసలో కూర్చున్నాయి. నిఘంటువులో కూర్చుంటే నష్టం లేదు; తోటలో కూర్చుంటేనే ప్రమాదం.

ఎందుకంటే, తోటమాలి గొడ్డలి నిఘంటువు చూడదు. “బదనిక పట్టిన చెట్టు కాయదు” అనే మాట పల్లెల్లో అందరికీ తెలుసు. రసం పీల్చే బదనిక విషయంలో ఆ మాట అక్షరాలా నిజం. దాన్ని కొట్టివేయవలసిందే. కాని అదే వేటున ఈ పాపం ఎరుగని ఆర్కిడ్ కూడా నేలమీద పడుతున్నది.

రెంటినీ పోల్చుకోవడం కష్టమేమీ కాదు. దొంగ బదనికకు కొమ్మలూ రెమ్మలూ వుండి పొదలాగా పెరుగుతుంది. నారింజరంగు గొట్టాలవంటి పూలు పూస్తుంది. అది పట్టినచోట మామిడికొమ్మ కణితిలాగా ఉబ్బివుంటుంది. పిట్టలు దాని పండ్లు తిని, జిగురుపట్టిన గింజలను మరో కొమ్మకు అంటిస్తాయి, అలా వ్యాపిస్తుంది. ఆర్కిడ్‌కు కొమ్మలు వుండవు. పొడుగాటి దళసరి ఆకులు రెండువైపులా వరసగా, నడిమికి మడిచిన దోనెల్లాగా వుంటాయి. ఆకు కొసను ఎవరో కొరికినట్టు వుంటుంది. దాని వేళ్ళు తెల్లటి తాళ్ళలాగా బెరడుమీద పాకుతాయేగాని, బెరడు లోపలికి దిగవు. వేలితో మెల్లగా లేపితే వేరు పైకి వస్తుంది. దాని కింద బెరడు చెక్కుచెదరకుండా వుంటుంది. చెట్టుకూ దానికీ వున్న సంబంధం కూర్చోను చోటివ్వడం వరకే. అన్నంనీళ్ళు ఎవరివి వారివే.

తెలుగునేల నుంచి పుస్తకానికి

ఈ మొక్క శాస్త్రలోకానికి పరిచయమైనది మన తెలుగుసీమ ద్వారానే. 1781 నుంచి సామర్లకోటలో వుండి మొక్కలను పరిశీలించిన స్కాట్లండు వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ పేరు కొందరు పాఠకులు వినేవుంటారు. మనదేశపు చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వ్రాయించి, ఎక్కడికక్కడ తెలుగు పేర్లు కూడా కనుక్కొని లండనుకు పంపించాడాయన. ‘కోరమండల్ తీరపు మొక్కలు’ అనే ఆ మహాగ్రంథం 1795లో మొదలై 1820 దాకా సంపుటాలుగా వెలువడింది. దాని మొదటి సంపుటంలోనే మన గళ్ళ పూవు వున్నది.

పేరు ప్రయాణం ఇంకా చిత్రమైనది. కలకత్తాలో సంస్కృతం చదువుకొన్న సర్ విలియం జోన్స్ అమరకోశంలోని ‘వందా’ను ఎత్తి ఈ మొక్కకు వాడాడు. 1820లో రాబర్ట్ బ్రౌన్ దాన్ని ఒక ప్రజాతి పేరుగా స్థిరపరచాడు. ఆనాటి నుంచి బర్మా కొండల్లో పూసినా, థాయిలాండు తోటల్లో పూసినా దానికి వందా అనే పేరు. సింగపూరు 1981లో తన జాతీయ పుష్పంగా ఎంచుకొన్నది ‘వందా మిస్ జోకిమ్’ను. శాస్త్రజ్ఞులు తరువాత దాన్ని వేరే ప్రజాతికి మార్చినా జనం నోట వందా వందాగానే నిలిచింది. అమరకోశంలోని ఒక మాట అంతదూరం వెళ్ళి రాజ్యచిహ్నమైతే, ఆ పేరు పుట్టడానికి కారణమైన మొక్క మన మామిడికొమ్మమీద పేరు తెలియని అనాథగా వుండిపోయింది!

ప్రేమతో చంపడం

ఇప్పుడు నగరాల్లోనూ పట్నాల్లోనూ ఆర్కిడ్లు పెంచాలనే ముచ్చట పెరిగింది. మంచిదే. కాని ఇళ్ళలో ఆర్కిడ్లు నిర్లక్ష్యంవల్ల చచ్చేవి తక్కువ. ప్రేమవల్ల చచ్చేవే ఎక్కువ. నాకు తెలిసిన ఒక ఇంట్లో ఇల్లాలు ముచ్చటపడి ఒక మొక్క కొన్నది. మంచి ఎర్రమట్టి జల్లించి, మాగిన పశువుల ఎరువు కలిపి, కుండీ నిండా కూరి, మొక్కను మెడదాకా పాతి, పూటపూటా నీళ్ళు పోసింది. గులాబీకి ఈ మర్యాదలే చేస్తే ఇంటినిండా పూసేది. ఆర్కిడ్ నెలతిరగకుండా కుళ్ళిపోయింది. “మా చేయి మంచిది కాదు” అని ఆమె బాధపడ్డది. చేయి మంచిదే, మట్టిదే తప్పు.

ఈ పొరపాటు మన ఒక్కరిదే కాదు. పందొమ్మిదో శతాబ్దం మొదటి భాగంలో ఇంగ్లండు ధనికులు ఉష్ణదేశాల నుంచి ఓడలకొద్దీ ఆర్కిడ్లను తెప్పించి, గాలిచొరని అద్దాల గదుల్లో ఆవిరిలో వుడికించి, కుళ్ళిన కర్రపొడిలోనూ మట్టిలోనూ పాతి వేలకొద్దీ చంపారు. కిటికీలు తెరిచి గాలి ఆడనిచ్చిన తరువాతగాని అవి బ్రతకడం మొదలుపెట్టలేదు.

కారణం వేరులో వున్నది. వందా వేరుకు చుట్టూ ఒక తెల్లటి తొడుగు వుంటుంది. అది స్పాంజివంటిది. వాన పడగానే క్షణాల్లో నీటిని పీల్చుకొంటుంది. అప్పుడు వేరు ఆకుపచ్చగా కనబడుతుంది. ఆరిపోగానే మళ్ళీ వెండిరంగుకు తిరుగుతుంది. తడవడం, ఆరడం, మళ్ళీ తడవడం — ఇదీ దాని ఊపిరి. ఆరడానికి వ్యవధి ఇవ్వకపోతే ఊపిరాడక కుళ్ళుతుంది. కాబట్టి ఆర్కిడ్ కుండీలో మనం నింపవలసినది మట్టి కాదు, గాలి. ఆ గాలిని పట్టివుంచడానికి సరిపడే నాలుగు ముక్కలు మాత్రమే కావాలి. కౌడిపల్లి మామిడికొమ్మను ఒక చిన్న కుండలోకి దించడమే ఈ మిశ్రమం రహస్యం.

మిశ్రమానికి కావలసినవి

ఖరీదైన సంచులు కొననవసరం లేదు. మూడు వస్తువులు చాలు. మూడూ మన వూళ్ళలోనే దొరుకుతాయి.

మొదటిది కట్టెబొగ్గు. ఇది తేలిక, కుళ్ళదు, ఒంటినిండా సన్నని రంధ్రాలు కలది. చింతకట్టె బొగ్గు గట్టిగా వుంటుంది కనుక మంచిది. రాక్షసిబొగ్గు పనికిరాదు, కిరసనాయిలు తగిలిన బొగ్గూ పనికిరాదు. రెండవది బాగా కాలిన ఇటుక, లేదా పగిలిన కుండపెంకు. ఇది చెమ్మను కొంచెం కొంచెంగా వదులుతుంది. కుండకు బరువిచ్చి గాలికి దొర్లిపోకుండా కాపాడుతుంది. మూడవది ఎండిన కొబ్బరికాయ డొక్క. ఇది చెమ్మను ఎక్కువసేపు నిలుపుతుంది. గుళ్ళో కొట్టే కాయల పీచుజుట్టు చాలదు, డొక్కే కావాలి.

ఈ మూడింటినీ ఉసిరికాయంత ముక్కలుగా, అంటే ఇంచుమించు ఒక అంగుళం సైజులో కొట్టుకోవాలి. మరీ చిన్నవైతే సందులు పూడిపోతాయి. మరీ పెద్దవైతే చెమ్మ నిలవదు. కొట్టినవాటిని జల్లెడపట్టి పొడి అంతా పారబోయాలి. ఈ పొడే శత్రువు. మట్టి, ఇసుక, రంపపుపొట్టు, కొబ్బరిపొట్టు వద్దనడానికి కారణం కూడా అదే.

తరువాత శుద్ధి. బొగ్గునూ ఇటుకనూ నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి ఒక రాత్రి నానబెట్టాలి. కొబ్బరిడొక్కలో ఉప్పూ వగరూ వుంటాయి. దాన్ని నాలుగురోజులు నానవేసి రోజూ నీళ్ళు మార్చాలి. మొదటిరోజు నీళ్ళు టీ డికాక్షన్‌లాగా దిగుతాయి. నాలుగోరోజుకు రంగు విరుగుతుంది. చివరిసారి మరుగుతున్న నీళ్ళు పోస్తే చీమలూ నత్తగుడ్లూ బూజూ పోతాయి. మూడింటినీ ఎండలో ఆరబెట్టి కలుపుకోవాలి.

కొలత ఏమిటంటారా? ఒకే గిన్నె పెట్టుకొని బొగ్గు మూడు గిన్నెలు, ఇటుక రెండు, కొబ్బరిడొక్క ఒకటి. ఇది వందాకు. సముద్రపు చెమ్మగాలి వీచే చోట్ల వందాను ఉత్త బొగ్గులోనే వేలాడదీస్తారు. మన మెదక్ వైపు వేసవి వడగాలికి అది చాలదు. ఒక వంతు డొక్క తప్పనిసరి. డెండ్రోబియం అనే రకానికి మూడూ సమానంగా కలపవచ్చు. పెద్దపెద్ద సీతాకోకచిలుకలవంటి పూలు పూసే ఫెలినాప్సిస్‌కు డొక్క రెట్టింపు వేయవచ్చు. నేలలో పెరిగే ఆర్కిడ్ల మాట వేరు. వాటికి ఆకుమాగిన మట్టే కావాలి.

తూట్ల కుండ

ఇక కుండ. ప్లాస్టిక్ కుండీకన్న మట్టికుండ మేలు. దాని ఒంటినుంచే గాలి ఆడుతుంది. కాని అడుగున ఒక్క రంధ్రం చాలదు. పక్కల చుట్టూ కూడా కావాలి. ఆ ప్రాంతపు కుమ్మరి పెద్దాయన ఒకరిని ఇలాంటి కుండ అడిగితే ఆయన నన్ను కొంచెం జాలిగా చూశాడు.

“గిన్ని తూట్లు పెడితె నీళ్ళేడ నిలుస్తయి సారూ?” అన్నాడు.

“నిలవకూడదనే పెద్దయ్యా,” అన్నాను.

“నీళ్ళు నిలవని కుండ ఎందుకు మల్ల?”

“చెట్టుమీద పెరిగే మొక్కకు.”

ఆయన కాసేపు ఆలోచించాడు. “అట్లయితె చెట్టుకే కట్టరాదుండ్రి, కుండెందుకు?” అన్నాడు. నాలుగు పుస్తకాలు తిరగేసినా దొరకని మాట అది. పెరట్లో మామిడో, వేపో, పొగడో వున్నవారు నిజంగానే ఆ పని చేయవచ్చు. కొబ్బరిడొక్క ముక్కను ఆనించి, నూలుతాడుతో తూర్పువైపు కొమ్మకు కడితే, తాడు చివికిపోయేలోగా వేళ్ళు బెరడును పట్టుకొంటాయి. చెట్టులేని మేడల్లో వుండేవారికే ఈ తూట్ల కుండ. ఆయన చివరికి చక్కటి కుండలు చేసి ఇచ్చాడు. ఒక్కొక్కదానికి రూపాయి బిళ్ళంత రంధ్రాలు పన్నెండు.

కుండ అడుగున పెద్ద పెంకుముక్కలు పరచి, మొక్కను నిలబెట్టి, వేళ్ళచుట్టూ మిశ్రమాన్ని వదులుగా జారవిడవాలి. వేలితో కూరకూడదు. కాండం మొదలు మిశ్రమానికి పైనే వుండాలి. కొన్ని వేళ్ళు కుండ దాటి గాలిలో వేలాడితే కంగారుపడి లోపలికి తోయకండి. అవి ఇంట్లోవాళ్ళు అరుగుమీద కూర్చున్నట్టు కూర్చుంటాయి. కదలకుండా ఒక పుల్లకు కట్టి వారంరోజులు నీడలో వుంచాలి. తరువాత ఉదయపు ఎండ పడే తూర్పు వసారా దానికి సరైన చోటు. మధ్యాహ్నపు ఎండ తగలకూడదు.

నీళ్ళకు గడియారం చూడవద్దు, వేరును చూడండి. వేరు వెండిరంగులో వుంటే పోయండి. పచ్చగా వుంటే ఆగండి. ఎండాకాలంలో పొద్దున ఒకసారి, వడగాలి ఎక్కువైతే పగటిపూట మరొకసారి కావలసిరావచ్చు. వానాకాలంలో వానే చాలు. చలికాలంలో రోజు విడిచి రోజు. సాయంత్రం చీకటిపడ్డాక ఆకుల పంగలో నీళ్ళు నిలవనీయవద్దు. బోరునీళ్ళలో ఉప్పు ఎక్కువ వుంటే బొగ్గుమీద తెల్లని పొర కడుతుంది. వేరు కొసలు నల్లబడతాయి. వానాకాలంలో మేడమీది నీళ్ళు డ్రమ్ములో పట్టుకొంటే అంతకుమించిన తీర్థం లేదు. లేకుంటే నెలకొకసారి కుండను ధారాళంగా కడిగినట్టు నీళ్ళు పోసి ఉప్పు దింపివేయాలి. ఎరువు వారానికొకసారి, బాగా పలచగా చాలు. రెండేళ్ళకు కొబ్బరిడొక్క చివుకుతుంది. అప్పుడు మిశ్రమం మార్చాలి. బొగ్గునూ ఇటుకనూ కడిగి మళ్ళీ వాడుకోవచ్చు.

మొక్క ఎక్కడిది?

ఇంతవరకు చదివినవారిలో కొందరైనా, “అయితే కౌడిపల్లి పోయి ఒక మొక్క పీక్కొని వస్తే సరి!” అనుకొనివుంటారు. దయచేసి ఆ పని చేయవద్దు. రిజర్వు అడవిలోనుంచి అనుమతి లేకుండా మొక్క తేవడం నేరం అన్నది ఒక సంగతి. అంతకన్న పెద్ద సంగతి మరొకటి వున్నది.

ఆర్కిడ్ కాయలో వేలకొద్దీ గింజలుంటాయి. కాని అవి గింజలనడానికే లేదు, దుమ్ము. మనం నాటే వడ్లగింజలో మొలకకు కావలసిన ఆహారం వుంటుంది. ఆర్కిడ్ తల్లి తన బిడ్డకు సద్దిమూట కట్టి పంపదు. గాలికెగిరిన ఆ దుమ్ము ఒక తగిన బెరడుమీద పడాలి, అక్కడ ఒక రకమైన బూజు దాన్ని పట్టి తిండి పెట్టాలి. అప్పుడే అది మొలుస్తుంది. ఈ రహస్యాన్ని 1899లో ఫ్రాన్సులో నోయెల్ బెర్నార్డ్ కనిపెట్టాడు. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ బూజుకు బదులు చక్కెర కలిపిన జిగురుమీద గింజలను మొలిపించి చూపించాడు. ఈనాడు నర్సరీల్లో అమ్మే మొక్కలు సీసాల్లో పుట్టి పెరగడానికి దారి తీసినది ఆ ప్రయోగమే. మనదేశంలో ఆర్కిడ్ల పరిశోధనకోసమే 1996లో సిక్కింలోని పాక్యోంగ్‌లో ఒక జాతీయ కేంద్రం ఏర్పడింది.

అంటే అడవిలో మనం చూసే ఒక్కొక్క మొక్క, వేలకొద్దీ గింజలు వృథా అయిపోగా నిలిచిన ఒక్కటి. అది పూతకు రావడానికి ఏళ్ళు పట్టింది. దాన్ని పీకడం ఒక్క నిమిషం పని. వేళ్ళు తెగిన ఆ మొక్క మన వసారాలో బ్రతుకుతుందన్న నమ్మకమూ లేదు. వేరును మందులకోసం కొన్నిచోట్ల రాస్నా అనే పేరుతో అమ్ముతారు. ఆ దెబ్బ వేరే వున్నది. దేశాలమధ్య జరిగే వ్యాపారంలో ఆర్కిడ్ జాతులన్నీ అంతర్జాతీయ ఒప్పందపు అదుపులో వున్నాయంటే కారణం లేకపోలేదు.

కనుక మొక్కను నర్సరీలోనే కొనండి. అడవి వందాను అడవిలోనే చూడండి. మీకు మామిడితోట వుంటే, బదనిక కొట్టించేరోజున మీరు దగ్గర నిలబడి ఏది ఏదో చూపించండి. ముసలిచెట్టు ఎలాగూ కొట్టవలసివస్తే, దానిమీది మొక్కను బెరడుతో సహా మెల్లగా విడదీసి పక్కచెట్టుకు కట్టించండి. గాలివానకు మీ పెరటి కొమ్మ విరిగిపడితే, అప్పుడు మాత్రం ఆ చుట్టాన్ని నిస్సంకోచంగా మీ తూట్ల కుండలోకి ఆహ్వానించవచ్చు.

చోటుకోసం తప్ప దేనికీ చేయి చాపని జీవి అది. దానికి మనం చేయగలిగిన మర్యాద రెండే: ఇంట్లో వున్నదానికి ఊపిరాడనివ్వడం, చెట్టుమీద వున్నదాన్ని చెట్టుమీదే వుండనివ్వడం. మూడు గిన్నెల బొగ్గు, రెండు గిన్నెల ఇటుక, ఒక గిన్నె కొబ్బరిడొక్క. ఈ వానాకాలం మొదట్లో కలిపి పెట్టుకొంటే, వేళ్ళు నిలదొక్కుకోవడానికి ఎండాకాలం లోపల కావలసినంత వ్యవధి వుంటుంది.